నూట పదిహేడో గూడు

హుకోవులో ఆ నెలంతా గాలి మనుషుల్ని పక్కకి తోస్తుంది.
పక్క ఊళ్లో అదే గాలికి
తొక్క తీసిన పెర్సిమన్ పండ్లు
వెదురు తట్టల్లో ఎండి తియ్యబడుతుంటాయి.
ఈ గోడల లోపలికి గాలి కూడా చీటీ చూపించి రావాలి.
ఇరవై మూడు డిగ్రీలు. దుమ్ము లెక్కపెట్టి మరీ.

రాత్రి పాళీ. మిండా ట్రే ఎక్కిస్తుంది.
యంత్రం చెయ్యి దిగుతుంది, పీలుస్తుంది, లేస్తుంది.
గూటికొక నల్లటి చిప్పు, వేలిగోరంత.
రెండు వందల యాభై ఆరు గూళ్లు
ఒక్కసారే నోరు మూసుకుంటాయి.

మొదటి ప్రశ్న చాలా చిన్నది: ఉన్నావా?
తీగ తెగిందా, తీగకి తీగ అంటుకుందా.
ఆ తర్వాత సున్నాలు, మూలమూలకీ సున్నాలు.
తుడిచి, ఒకట్లు.
తుడిచి, చదరంగం గళ్లు.
ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఒక నడక.
ఒక వరసనే లక్షసార్లు కొట్టి
పక్క వరస ఉలిక్కిపడి మాట మార్చిందేమో చూస్తారు.
(అలా మార్చేవాళ్లు మనుషుల్లోనూ ఉన్నారు, నాకు తెలుసు.)

ఎవరికీ అక్కర్లేని రాతలివన్నీ.
ఎవరి పెళ్లి ఫొటోనో, ఎవరి అప్పు పద్దో
వచ్చి కూర్చోకముందే
దాని చేత ఇంత మరిపించాలి.

అన్నిటికంటే కష్టమైన పరీక్షలో
ఎవరూ ఏమీ చేయరు.
కోట్ల గదులు, గదికో ఓటికుండ.
బయట లోకంలో సెకనుకి పదిహేనుసార్లు నింపుతూ ఉంటారు,
అందుకే అవి కారుతున్నట్టు మనకి తెలియదు.
ఇక్కడ తొంభై అయిదు డిగ్రీల వేడిలో
నింపడం ఆపి, ఊరుకుంటారు.
ఊరుకుని, అడుగుతారు:
ఇందాక నీకేం చెప్పాను?

రెండు రోజులుగా దిగుబడి తగ్గింది.
అర శాతం కూడా కాదు. ఎవరి కంటా పడలేదు.
నెలాఖరు కాగితంలో మిండా పేరు పక్కన మాత్రం పడింది,
దాంతోపాటు బోనసులో కోత.
"లాటే బాగాలేదేమో" అన్నాడు ఫోన్లో సూపర్‌వైజరు, ఆవలిస్తూ.

ఫాన్ షియు-లాన్ ఏమీ అనలేదు.
ఇరవై రెండేళ్లుగా ఈ హాల్లోనే ఉంది ఆమె.
తోసేసిన చిప్పుల జాబితా తెరిచి
కింద నుంచి పైకి చదివింది, చాకలి పద్దు చదివినట్టు.
నూట పదిహేడు. నూట పదిహేడు. నూట పదిహేడు.
ప్రతి తప్పూ ఒకే గూట్లో కూర్చుని చేసిందే.

గూడు ఊడదీసి భూతద్దం కింద పెడితే
ఒక సూది మొన మీద తగరం పొట్టు,
చీమ తల కూడా కాదు.
ఆడలేక మద్దెల ఓడు అంటారు మా భాషలో.
ఆ రాత్రి నిజంగానే ఓడైంది మద్దెల,
ఆడేవాళ్లనేమో రెండు వందల ఎనభై నాలుగు మందిని
వేదిక మీంచి దింపేశాం.

మళ్లీ అడిగారు, వేరే గూళ్లలో కూర్చోబెట్టి.
రెండు వందల ఎనభై ఒకటి చెప్పేశాయి, తడుముకోకుండా.
రెండు నిజంగానే ఓటివి.
మిగిలిన ఆ ఒక్కటీ
ఒకసారి గుర్తుందంది, ఒకసారి లేదంది,
రెండుసార్లు ఉందంది, మళ్లీ లేదంది.

"దీన్నేం చేద్దాం అక్కా?"
"ఏడో పెట్టెలో వెయ్."
"మూడుసార్లు సరిగ్గానే చెప్పిందిగా."
షియు-లాన్ దాన్ని చిమటాతో పట్టుకుని
లైటు కింద అటూ ఇటూ తిప్పింది,
అక్కడ చూడటానికి ఏమీ ఉండదని తెలిసీ.
తర్వాత వేసేసింది.

అర్జీ రాశారు ఇద్దరూ, మిండా కాగితం సరిచేయమని.
ఆ గడిలో అంకె మార్చే వీలు
ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదట.

కొత్త సూదులు సోమవారానికి గానీ రావు.
అప్పటిదాకా నూట పదిహేడో గూటి మీద నీలం టేపు.
చిప్పులు దించే చప్పుడు వరసగా పోతూ పోతూ
అక్కడికి రాగానే ఒక దెబ్బ తప్పుతుంది.
మిండా తల ఎత్తదు.
ఆ ఖాళీ వినపడ్డప్పుడల్లా
పెదాలు కదిలించి ఒక అంకె లెక్కపెట్టుకుంటుంది.